అయిదు నిమిషాల కాపురం

మా కాపురం రోజుకి అయిదు నిమిషాలు. అదీ సఖినేటిపల్లి రేవులో. నర్సాపురం నుంచి గోదారి దాటి వచ్చిన పంటు ఒడ్డుకి ఆనుకుని, బళ్లూ ఆటోలూ దిగి, ఇటువాళ్లు ఎక్కి, మళ్లీ కదిలేలోపు ఎంత వ్యవధి ఉంటే అంత. బావ దిగుతాడు, నేను ఎక్కుతాను. నిండు సీసాలు నా సంచిలోకి, ఖాళీ సీసాలు తన సంచిలోకి మారతాయి. "తిన్నావా?" "తిన్నాను. నువ్వు?" "ఇంటికెళ్లి తింటాను." ఈలోగా పంటువాళ్లు తాడు విప్పేస్తారు.

పెళ్లయి ఏడాదిన్నర. కొత్త జంటకి ఆషాఢం ఒక నెల ఎడబాటు అంటారు. మాకు పన్నెండు నెలలూ ఆషాఢమే. ఈ మాట ఒకసారి నోరుజారి అత్తయ్య ముందు అనేశాను. "అయితే పన్నెండు సార్లు సారె పట్టుకురమ్మను మీ అమ్మని" అంది, తల కూడా ఎత్తకుండా. గోదారి అత్తగారితో మాటకి మాట పెట్టుకుంటే ఇంతే మరి.

బావ అంటే మా మేనమామ కొడుకే. పెళ్లయ్యాక 'ఏవండీ' అనాలని అమ్మ నేర్పి పంపింది. మూడు రోజులు అన్నాను. ఎవరినో పిలుస్తున్నాననుకుని వెనక్కి తిరిగి చూసేవాడు. నాలుగో రోజుకి మళ్లీ బావ అయిపోయాడు. నలుగురిలో ఉన్నప్పుడు మాత్రం 'మీరు' అంటాను. రేవులో నలుగురూ ఉంటారు గానీ, అయిదు నిమిషాల్లో 'మీరు'కి టైమెక్కడిది?

తను రాత్రంతా మొగల్తూరు దారిలో రొయ్యల చెరువుల మీద ఉంటాడు. సొంత చెరువులు కావు, జీతానికి. సొంతం అనుకున్న ముచ్చట ఒకటి జరిగింది, అదీ చెప్పేస్తాను. పెళ్లయిన ఆర్నెల్లకి తనూ ఇంకో స్నేహితుడూ కలిసి రెండెకరాలు లీజుకి తీసుకుని వనామీ రొయ్య వేశారు. నలభై రెండో రోజు పొద్దున చెక్ ట్రే ఎత్తితే రెండు రొయ్యలు కదల్లేదు. తల డొప్ప వలిచి వెలుగుకి పెడితే లోపల తెల్ల చుక్కలు. వైట్ స్పాట్ అనే ఆ రోగానికి మందు లేదు. వారం ఆగితే చెరువులో ఏమీ మిగలదు కాబట్టి ఆ రాత్రే పట్టుబడి చేసేశారు. కేజీకి రెండొందలు తూగే సన్నరొయ్య. కేజీకి వంద తూగే వంద కౌంటుకే మొహం చిట్లించే కొనుగోలుదారుడు రెండొందల కౌంటుకి ఏమిస్తాడు? వలకీ ఐసుకీ కూలికీ సరిపోయింది. సీడు, మేత, కరెంటు, లీజు అన్నీ నెత్తిన మిగిలాయి.

నా నానుతాడు బ్యాంకులోకి వెళ్లింది. పుస్తెలు పసుపుతాడుకి ఎక్కాయి. పుస్తెలమ్మయినా పులస తినాలని మావైపు సామెత. మేం పుస్తెలు అమ్మలేదు, తాడు మాత్రం తాకట్టు పెట్టాం. తిన్నది పులసా కాదు, దెబ్బ.

అలా బావ జీతానికి కుదిరాడు, నేను ల్యాబులో చేరాను. కాలేజీ మానేస్తానని ఒకసారి నేనే అన్నాను. మావయ్య ఒప్పుకోలేదు. పెళ్లిచూపుల్లో మా నాన్న అడిగిన మాట ఒక్కటేనట, డిగ్రీ పూర్తి చేయించండని. "బావగారికి మాటిచ్చాను, రొయ్య చచ్చిందని మాట కూడా చావదు" అన్నాడు. మావయ్య రోజూ పొద్దున తన పాత టీవీఎస్ మీద నన్ను రేవులో దింపుతాడు. ఆ బండి శబ్దానికి మా వీధిలో వాళ్లు టైము చూసుకోనక్కర్లేదు, ఆరయినట్టే.

నేను పని చేసేది నర్సాపురంలో ఆక్వా ల్యాబ్. రైతులు చెరువు నీళ్లు తెస్తారు, పరీక్ష చేసి కాయితం రాసిస్తాం. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు. మధ్యలో కాలేజీ. నెలకి 8,500. ఆదివారం పొద్దుటి పూట ఒక్కటే ఉంటుంది. బావకి అదీ లేదు, రొయ్యకి ఆదివారాలు తెలియవు. ఆదివారం మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి తను మంచి నిద్రలో ఉంటాడు. గిన్నె చప్పుడు కాకుండా తోముకుని, బట్టలు దొడ్లోకి తీసుకెళ్లి ఉతుక్కుని, తను లేచేసరికి టీ పెట్టి ఇస్తే, తాగి చెరువుకి వెళ్లిపోతాడు.

ల్యాబుకి నీళ్లు వచ్చే సీసాలు చూడాలి. మంచినీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు, నూనె డబ్బాలు. ఒక బాబాయి క్వార్టర్ సీసాలో పట్టుకొచ్చాడు. "కడిగారా బాబాయ్?" అంటే, "రాత్రే కడిగానమ్మా, గొంతులో పోసుకుని" అన్నాడు. పీహెచ్ ఎంత వచ్చినా దాన్ని నమ్మకుండా పక్కన పెట్టి, కడిగిన సీసా ఒకటిచ్చి మళ్లీ పంపాను. రెండు గంటల్లో తెచ్చాడు, తిట్టుకుంటూ.

ఈ పనిలో నాకు ఇష్టమైనది హార్డ్‌నెస్, అంటే నీటి కాఠిన్యం చూడటం. ఉప్పు చెరువు నీళ్లయితే ముందు పలచన చేసుకోవాలి. అందులో బఫర్ పోసి, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టీ వేస్తే ద్రాక్షరసం రంగు తిరుగుతుంది. బ్యూరెట్ లోంచి ఈడీటీఏ చుక్కచుక్కగా వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుంటే ఎరుపు మెల్లగా ఊదాలోకి జారుతుంది. ఇంకా కాదు, ఇంకా కాదు అనుకుంటుండగా ఒకే ఒక్క చుక్కకి నీలం అయిపోతుంది. చెయ్యి అక్కడ ఆగాలి. ఇంకో చుక్క పడితే రంగు మారదు, నీ లెక్క మాత్రం తప్పుతుంది. రోజుకి ముప్పై సార్లు చేసినా ఆ చుక్క దగ్గర నాకు ఊపిరి ఆగుతుంది.

ఇష్టం లేనిది డీవో గొడవ. ప్రాణవాయువు ఎంత ఉందో చూడమని పదిహేను కిలోమీటర్లు బండి మీద సీసా కుదుపుకుంటూ తెస్తారు. అందులో ఉండేది చెరువు గాలి కాదు, రోడ్డు గుంతల గాలి. గట్టు మీదే మూతగల గాజు సీసాలో బుడగ లేకుండా నీళ్లు పట్టి, మాంగనీస్ సల్ఫేటూ ఆల్కలైన్ అయొడైడూ వేసి, మూత బిగించి తిప్పి తేవాలి. అలా చేస్తే సీసాలో మడ్డి దిగుతుంది. ప్రాణవాయువు బాగా ఉంటే ముదురు గోధుమరంగు. తక్కువగా ఉంటే లేత రంగు. తెల్లగా దిగిందంటే నీళ్లలో ఏమీ లేనట్టు. మిగతా లెక్క ల్యాబుకొచ్చాక తీరిగ్గా కట్టుకోవచ్చు.

ఇది చెప్పి చెప్పి నోరు పడిపోయింది. బుద్ధిగా విన్నవాడు బావ ఒక్కడే. విన్నాడంటే ప్రేమ కొద్దీ అనుకునేరు, నలభై రెండో రోజు దెబ్బ అలాంటిది. మకాంలో మందులు, పిప్పెట్టు, సీసాలు పెట్టుకున్నాడు. శాంపిల్ తెల్లవారుజామునే పట్టడం ఎందుకంటే, రాత్రంతా నాచూ రొయ్యా కలిసి నీళ్లలో గాలి పీల్చేస్తాయి, తయారు చేయడానికి ఎండ ఉండదు. పొద్దు పొడిచే ముందు చెరువు అన్నిటికంటే నీరసంగా ఉంటుంది. నాలుగున్నరకి పట్టిన శాంపిల్ ఆరింటికి రేవులో నా చేతికొస్తుంది. పెళ్లయిన కొత్తలో వేరేవాళ్ల మొగుళ్లు పూలు తెచ్చేవారు. మా బావ ఇప్పటికీ నీళ్లు తెస్తాడు.

సీసా మీద ప్లాస్టర్ అంటించి చెరువు నంబరూ టైమూ రాయాలి. మొదట్లో పద్ధతిగా '3వ చెరువు, 4.30' అని రాసేవాడు. కొన్నాళ్లకి కింద ఇంకో వరస చేరింది. '2వ చెరువు, 4.40. కుడికాలు బెణికింది, ఇంట్లో చెప్పకు.' '1వ చెరువు, 4.25. నీ ఇంటర్నల్స్ ఎప్పుడు?' నేనూ ఖాళీ సీసాల మీద జవాబులు రాసి పంపేదాన్ని. ఫోన్లు లేవా అంటారేమో. ఉన్నాయి. తను మేల్కొని ఉన్నప్పుడు నేను క్లాసులోనో నిద్రలోనో ఉంటాను. మెసేజీ పెడితే చూసేసరికి దాని సంగతి చల్లారిపోతుంది. సీసా అయితే చేతిలో పడి తీరుతుంది కదా.

ఒకరోజు నేను కొంచెం ఆలస్యంగా వెళ్తే ల్యాబ్ సారే సీసాలు తీసి రిజిస్టర్లో ఎక్కిస్తున్నారు. అప్పటికి నలుగురైదుగురు రైతులు బెంచీ మీద ఉన్నారు. ఆయన కళ్లజోడు సవరించుకుని గట్టిగా చదివారు: "మూడో చెరువు, నాలుగున్నర, నిన్నటి వంకాయ కూరలో ఉప్పు ఎక్కువ." ఒక్క క్షణం ఆగి, నాకేసి చూసి, "సెలైనిటీ ఎంతొచ్చిందమ్మా?" అన్నారు. బెంచీ బెంచీ అంతా నవ్వింది. ఇప్పటికీ ఆ రైతుల్లో ఒకాయన వస్తే ముందు కూర సంగతి అడుగుతాడు.

కాలేజీ సంగతి. బీఎస్సీ కెమిస్ట్రీ, అయిదో సెమిస్టర్. మా రెండు గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీల్లాగే మాదీ రాజమహేంద్రవరంలో ఉన్న ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కిందే. హాజరు 75 శాతం ఉండాలి. ల్యాబు తొమ్మిదిన్నరకి అయిపోతుందని రాశాను గానీ, తొమ్మిదీ ఇరవై అయిదుకి ఎవరో ఒకరు "అర్జెంటమ్మా, రొయ్య తేలుతోంది" అని వస్తారు. రొయ్య తేలుతోందన్న మనిషిని వదిలేసి ఫిజికల్ కెమిస్ట్రీకి ఎలా వెళ్తాను? ఆ మనిషి మొహం మా ఇంట్లో చూసిన మొహమే. అలా మొదటి పీరియడ్ ఎన్నిసార్లు పోయిందో లెక్క వాళ్ల దగ్గరే ఉంది. కిందటి సెమిస్టర్లో శాతం తగ్గి కాండొనేషన్ ఫీజు కట్టాను. మెడికల్ సర్టిఫికెట్ పెట్టమన్నారు. ఆఫీసులో ఒకాయన, "పెళ్లయిన పిల్లవి, నీకేం, డాక్టరు కాయితం ఇట్టే దొరుకుతుంది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పేరు గొడవ ఇంకొకటి. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు. పెళ్లయ్యాక రేషన్ కార్డులోకి ఎక్కించాలని ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు మార్పించారు. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరమే, అదీ పాతది. ముగ్గురూ నేనేనని ఎక్కడికెళ్లినా నేనే సాక్ష్యం చెప్పుకోవాలి. ఫీజు డబ్బుల పేరు సరిపోలేదని కాలేజీ నుంచి సచివాలయానికి, సచివాలయం నుంచి కాలేజీకి నాలుగు సార్లు తిరిగాను. చివరికి పెళ్లి ఫొటో కూడా అడిగారు. శుభలేఖ ఉందా అంటే ఉంది. అందులో అచ్చుతప్పుతో నా పేరు ఇంకో రకంగా ఉంది.

కాలేజీలో ఒక్కసారి మాత్రం కాలరెగరేశాను. నాలుగో సెమిస్టర్ ప్రాక్టికల్ పరీక్ష. చీటీలో నాకు వచ్చింది నీటి కాఠిన్యం, ఈడీటీఏ పద్ధతి. పక్కవాళ్లు బ్యూరెట్ కడగడం దగ్గరే ఉన్నారు, నా రీడింగులు మూడూ అయిపోయాయి. మూడూ ఒకటే. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు కాపీ కొట్టానేమోనని అనుమానపడి, నాలుగోది తన ఎదురుగా చేయమన్నారు. చేశాను. అదే వచ్చింది. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" "రొయ్యల చెరువుల నీళ్లతోనండి, రోజూ." ఆయన ఏమీ అనకుండా, వాళ్ల తమ్ముడికి కూడా చెరువులున్నాయనీ, అమోనియా ఎక్కువైతే ఏం చేయాలనీ అడిగారు. వైవా మొత్తం అదే. నాకు మార్కులు బాగానే వచ్చాయి, తమ్ముడి చెరువు సంగతి తెలియదు.

రాత్రి ఎనిమిదింటికి ఇంటికి చేరతాను. అన్నం తిని తొమ్మిదిన్నరకి పుస్తకం తీస్తే ఎదురుగా అత్తయ్య లేసు తీస్తుంది. మాకున్నది ముందుగదిలో ఒక్క ట్యూబులైటు. దాని కింద ఒక పక్క నేను, ఒక పక్క ఆవిడ. ఆవిడ చదివింది ఏడో తరగతి. లేసు మాత్రం పదేళ్ల వయసు నుంచి అల్లుతోంది. ఒక్క సూది, ఒక దారపు ఉండ. చూపుడువేలికి దారం చుట్టుకుని సూదితో లాగి ముడివేసి లాగుతుంటే, చూస్తుండగానే పువ్వు తయారవుతుంది. ఆవిడ లెక్క పెదవుల మీదే ఉంటుంది, పైకి వినపడదు. మధ్యలో పలకరిస్తే గొలుసు లెక్క తప్పుతుంది. కాబట్టి నేను మాట్లాడను. నేను పుస్తకం తిప్పుతుంటే ఆవిడా మాట్లాడదు. ఇద్దరం అలా పదకొండు దాకా కూర్చుంటాం.

ఈ అల్లిక 1840ల్లో స్కాట్లాండ్ మిషనరీలు వచ్చి నేర్పారంటారు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఏ అరుగు చూసినా ఆడవాళ్ల చేతుల్లో కనిపిస్తుంది. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఫోన్లో చూసి సంబరంగా చెప్పాను, "మన లేసుకి గుర్తింపు వచ్చిందట అత్తయ్యా." ఆవిడ ముడి బిగించి, "రేటొచ్చిందా?" అంది. నేను మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోయాను.

పరీక్షలప్పుడు నేను కూర్చునే నిద్రపోతే ఆవిడ లేపదు. లైటు కూడా ఆర్పదు. లేసు పక్కన పెట్టి, నా ఒళ్లోంచి పుస్తకం తీసి, ఎక్కడ చదువుతున్నానో అక్కడ ఒక దారపు ముక్క పెట్టి మూస్తుంది. నా కెమిస్ట్రీ పుస్తకాల్లో అన్నీ తెల్ల దారాలే.

జూలైలో ఒక పొద్దున జరిగింది చెప్పాలి. అప్పటికి నాలుగు రోజులుగా ముసురు, ఎండ జాడ లేదు, గాలి కూడా స్తంభించింది. రేవులో బావ సీసాలు ఇచ్చి, "రాత్రి నిద్దర ఆగలేదు, రెండింటి దాకా మేతలే" అంటున్నాడు. నేను అలవాటు కొద్దీ సీసాలు పైకెత్తి చూశాను. ఒకటో చెరువు గోధుమ. రెండు గోధుమ. మూడోది టీలో పాలు ఎక్కువైనట్టు ఉంది. దీపం వెలుగు వల్ల అనుకుని సెల్‌ఫోన్ లైటు వేశాను. అదే రంగు.

"బావా, ఇది చూశావా?"

చూశాడు. మొహంలో రంగు ఆ సీసాలాగే అయిపోయింది. బండి స్టాండు వేసినవాడు మళ్లీ తీసి అదే పంటు ఎక్కించాడు. అవతల పగలు డ్యూటీకి వచ్చిన అతనికి ఫోను చేస్తే, మూడో చెరువు చివరి గట్టున నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు రెండు ఆగిపోయి ఉన్నాయి, రొయ్య గట్టువారకి చేరింది. "జనరేటర్ వేయి, ఫ్యూజు చూడు, మేత వేయకు, వేయకు, నేనొస్తున్నా." ఇంకో ఫోను యజమానికి. ఇంకోటి ఎలక్ట్రీషియన్‌కి. గోదారి మధ్యకి వచ్చేసరికి సిగ్నల్ పోయి, వచ్చి, పోయింది. రేవు చేరగానే బండి దూకించుకుంటూ వెళ్లిపోయాడు. ఆ రోజు కొన్ని పోయాయి, చెరువు మాత్రం నిలబడింది.

సాయంత్రం తీరిగ్గా తలుచుకుంటే తట్టింది. పెళ్లయ్యాక మేమిద్దరం ఒకే పంటులో గోదారి దాటింది అదే మొదటిసారి. దాటినంతసేపూ తను అవతలి కమ్మీ దగ్గర, నేను సీసా పట్టుకుని ఇవతల.

ఆగస్టులో వరద వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికే పంటు మీద అనుమానం మొదలవుతుంది, రెండోది వస్తే ఆశ వదులుకోవచ్చు. మావయ్యకి ఏ వరదయినా 1986 వరద ముందు చిన్నదే. 2022 జూలైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కూడా, "ఇదేముంది, 86లో అయితే..." అని మొదలుపెట్టాడట, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి.

పంటు ఆపేశారు. బావ అవతల ఉండిపోయాడు, నేను ఇవతల. రేవులో అయిదు నిమిషాలు కూడా పోయాయి. సరిగ్గా మూడో రోజు నాకు ఇంటర్నల్ పరీక్ష.

పొద్దున ఆరింటికే బయలుదేరాను. మలికిపురం వెళ్లి, అక్కడినుంచి దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు, అక్కడ బస్సు మారి నర్సాపురం. పంటు మీద పావుగంటలో అవతల ఉండేదాన్ని, చుట్టూ తిరిగి మూడు గంటలు పట్టింది. వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద గోదారి పాయ వశిష్ఠ ఎర్రగా, ఒడ్డుకీ ఒడ్డుకీ మధ్య సందు లేకుండా పోతోంది. లంకల్లో కొబ్బరి చెట్లు మొలలోతు నీళ్లలో నిలబడ్డాయి. గుర్రపుడెక్క పెద్ద పెద్ద చాపల్లా కొట్టుకుపోతోంది. బస్సులో అందరూ ఫోన్లు తీశారు. నేను ఆర్గానిక్ నోట్సు తీశాను, రెండు పేజీలు మిగిలాయి.

పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. ఒక ప్రశ్న మా ఊరిది, మిగతావి వేరే ఊరివి.

పన్నెండున్నరకి బయటికొచ్చి ల్యాబుకి వెళ్తే, సార్ ఖాళీగా ఈగలు తోలుకుంటున్నారు. వరదకి శాంపిళ్లు రాలేదు, సాయంత్రం రానక్కర్లేదన్నారు. మధ్యాహ్నం ఒంటిగంట, కాలేజీ లేదు, పని లేదు, ఇంటికి వెళ్లడానికి పంటు లేదు. నాకు అలాంటి మధ్యాహ్నం ఎప్పుడొచ్చిందో గుర్తు లేదు. ఆటో ఎక్కి మొగల్తూరు రోడ్డులో దిగి గట్టు పట్టుకుని నడిచాను.

మకాం నేను అంతకుముందు చూడలేదు. రేకుల షెడ్డు, ఒక పక్క మేత బస్తాలు కప్పు దాకా, ఒక నవారు మంచం, దోమతెర, గూట్లో నేనిచ్చిన మందు సీసాలు వరసగా, వాటి పక్కనే వెంకటేశ్వరస్వామి పటం. బావ మూడు రోజుల గడ్డంతో గుడ్ల పులుసు తిప్పుతున్నాడు. నన్ను చూసి గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "పరీక్ష?" అన్నాడు ముందు. "రాశాను." "ఎలా?" "అన్నం పెట్టు."

కంచం ఒక్కటే. మూకుడు మూతలో నాకు పెట్టి తను కంచంలో తిన్నాడు. పులుసులో ఉప్పు ఎక్కువైంది. నేనేమీ అనలేదు, ప్లాస్టర్ మీద రాయవచ్చని ఊరుకున్నాను. పగటి మనిషిని చెరువులు చూడమని చెప్పి, తను కింద ఖాళీ గోతాలు పరుచుకున్నాడు, నన్ను మంచం ఎక్కమన్నాడు. ఎన్ని కబుర్లు చెప్పుకోవాలో. బ్యాంకు వడ్డీ సంగతి, నానుతాడు దసరాకి విడిపించే సంగతి, డిగ్రీ అయ్యాక నేను ఏం చేయాలన్న సంగతి. "బావా" అన్నాను. జవాబు లేదు. తొంగి చూస్తే నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. రెండు చెరువుల ఏరియేటర్లు గలగలా తిరుగుతున్నాయి, రేకుల మీద పెద్ద వాన కురిసినట్టు. ఆ చప్పుడులో నేనూ పోయాను.

మెలకువ వచ్చింది చప్పుడు ఆగిపోతే. ఇద్దరం ఒకేసారి లేచి కూర్చున్నాం. కరెంటు పోయింది. బావ జనరేటర్ దగ్గరికి, నేను గాజు సీసా పట్టుకుని మూడో చెరువు దగ్గరికి పరిగెత్తాం. వానకి గట్టు నానిపోయి ఉంది. కాలు జారితే నేను నిలదొక్కుకున్నాను గానీ నా ఎడమకాలి చెప్పు నిలదొక్కుకోలేదు. జనరేటర్ అందుకునేసరికి నా సీసాలో మడ్డి దిగుతోంది, మంచి గోధుమరంగు. ప్లాస్టర్ మీద '3వ చెరువు, సాయంత్రం 4.10' అని రాసి, కింద 'పులుసులో ఉప్పు ఎక్కువ' అని చేర్చి బావ చేతిలో పెట్టాను.

బావ రబ్బరు చెప్పులు వేసుకుని పాలకొల్లు బస్సెక్కాను. నా పాదం దాటి చెప్పు మూడు వేళ్ల మేర మిగిలింది. ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. అత్తయ్య ట్యూబులైటు కింద కూర్చుని ఉంది. గుమ్మంలో విప్పిన చెప్పులకేసి చూసింది, నాకేసి చూసింది, లేసు పక్కన పెట్టింది.

"అన్నం తింటున్నాడా వాడు?" అంది.